ఫొటోలో ఉన్నది నేనేనా?

ఫ్యాషన్ ఫొటోల్లో కంప్యూటర్ మెరుగులు మితిమీరుతున్నాయంటూ గత సంచికలో మేము ప్రచురించిన వ్యాసం చదివి పాఠకులు రాసిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం. ఉత్తరాలను కుదించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు వెల్లడించడం లేదు.

ప్రశ్న: ఫిబ్రవరిలో నా పెళ్లి జరిగింది. మొన్ననే ఆల్బమ్ చేతికొచ్చింది. నాది చామనఛాయ. ఆల్బమ్‌లో మాత్రం పాలరాతి బొమ్మలా ఉన్నాను. గడ్డానికి ఎడమ పక్క ఉండే పుట్టుమచ్చ ఒక్క పేజీలోనూ లేదు. అత్తవారింట్లో అందరూ బాగుందంటున్నారు. మా అమ్మ మాత్రం “ఇందులో నా కూతురేదే?” అంది. స్టూడియోవారిని అడిగితే “అందరూ ఇలాగే కావాలంటారు మేడమ్” అన్నారు. నేను అతిగా బాధపడుతున్నానా? అసలు ఫొటోలు అడిగి తీసుకునే హక్కు నాకుందా?
– ఒక నవవధువు, మల్కాజిగిరి

జవాబు: అతిగా ఏమీ బాధపడడం లేదు. మిమ్మల్ని పుట్టిన గంట నుంచీ చూస్తున్న మీ అమ్మగారే గుర్తుపట్టలేకపోయారంటే, పెళ్లి ఆల్బమ్ చేయవలసిన మొదటి పనే అది చేయలేదని అర్థం.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే స్టూడియోవారిని ఏమని అడగాలో మీకు తేలికగా బోధపడుతుంది. మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా తీసిన ఫొటోలు వేలల్లో ఉంటాయి. వాటిని ఫొటోగ్రాఫర్ ఒక హార్డ్ డిస్క్‌లో వేసి ఆల్బమ్ డిజైనర్‌కు పంపిస్తాడు. ఆ డిజైనర్ మిమ్మల్ని ఎన్నడూ చూసి ఉండడు, అతనికి డబ్బు ముట్టేది షీటు లెక్కన. అందుకని ఒక ఫొటోను సరిచేసి, అదే సెట్టింగును వందల ఫొటోలకు ఒక్కసారిగా వర్తింపజేస్తాడు. మనిషి చర్మపు రంగు, ఎవరిదైనా సరే, చాలావరకు నారింజ, ఎరుపు వర్ణాల్లోనే ఉంటుంది కనుక లైట్‌రూమ్ అనే ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో నారింజ రంగు వెలుగును పెంచే మీటను కాస్త కుడికి జరిపితే పెళ్లి మండపంలో ఉన్నవారందరూ ఒక్క క్షణంలో తెల్లబడతారు. అయితే పసుపు, బంగారం, గోరింటాకు, కనకాంబరాలు కూడా ఆ వర్ణాలకు దగ్గరివే. మీ ఆల్బమ్‌లో పసుపుతాడును, జడలోని కనకాంబరాలను, అరచేతిలో పండిన గోరింటాకును ఒకసారి పరీక్షగా చూడండి. అవి కూడా వెలిసిపోయినట్టుంటే జరిగింది ఇదే. అలా కాక ముఖం ఒక్కటే తెల్లగా ఉండి, చెవులూ మెడా మీ అసలు రంగులోనే ఉంటే, ఎవరో బ్రష్ పట్టుకుని పనిగట్టుకు పూశారన్నమాట.

పుట్టుమచ్చ సంగతి వేరు. చర్మాన్ని నునుపు చేసే సాఫ్ట్‌వేర్‌లు చర్మం మీద చుట్టుపక్కల కంటే ముదురుగా ఉన్న చిన్న చుక్కలను వెతికి తుడిచేస్తాయి. వాటికి మొటిమా పుట్టుమచ్చా ఒక్కటే. మీ మచ్చను కావాలని ఎవరూ తీసేసి ఉండకపోవచ్చు. తీసేశాక కూడా ఎవరూ గమనించకపోవడమే అసలు తప్పు. చేయి తిరిగిన రీటచర్లు, అంటే ఫొటోలకు మెరుగులు దిద్దేవారు, పాటించే పద్ధతి ఒకటుంది: రెండు వారాల్లో తనంతట తాను పోయేదాన్ని తీసేయవచ్చు, పోనిదాన్ని అడగకుండా ముట్టుకోకూడదు. మొటిమ, నిద్ర లేక ఉబ్బిన కళ్లు, హోమం దగ్గర పట్టిన చెమట మొదటి రకం. మచ్చ, రంగు, ముక్కు తీరు, చిన్నప్పటి దెబ్బ తాలూకు గుర్తు రెండో రకం.

ఇక హక్కు విషయం. డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేని పక్షంలో, తీయించుకున్నవారే మొదటి కాపీరైట్ యజమాని అని 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. కాకపోతే కెమెరాలోంచి వచ్చిన రా ఫైళ్లను యథాతథంగా అప్పగించాలా వద్దా అన్నది మీరు కుదుర్చుకున్న మాటను బట్టి ఉంటుంది కనుక, ముందు మర్యాదగానే అడగండి. మెరుగులు దిద్దని ఫొటోల కాపీ ఇమ్మనండి, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు ఉన్న షీట్లనైనా మీ రంగులో, మీ మచ్చతో మళ్లీ ప్రింట్ చేయించమనండి. ఆలస్యం చేయవద్దు, చాలా స్టూడియోలు కొన్ని నెలలు కాగానే డిస్కులు ఖాళీ చేసుకుంటాయి. ఎంతకూ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అత్తవారు బాగుందన్న మాటకు మనసు పాడుచేసుకోకండి. వారు చూసింది చీరలనూ నగలనూ కూడా అయి ఉండవచ్చు.

ప్రశ్న: మా చిన్నతనంలోనూ స్టూడియోవాళ్లు నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు సరిచేసేవారు. మా అక్కయ్య పెళ్లిచూపుల ఫొటోకు మా నాన్నగారు ప్రత్యేకంగా రంగులు వేయించారు. అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కడిది? యంత్రం మారిందే తప్ప పని మారలేదు కదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మారేడ్‌పల్లి

జవాబు: మాస్టారూ, మీరన్నది చాలావరకు నిజం. మెరుగులు దిద్దిన నెగెటివ్‌ను మ్యూనిక్ ఫొటోగ్రాఫర్ ఒకరు పారిస్ ప్రదర్శనలో జనానికి చూపించింది 1855లోనే. మీ సికింద్రాబాద్‌లోనే స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలం నాటి గాజు నెగెటివ్ పలకల మీద సన్నని పెన్సిల్ మొనతో నీడలను పలచన చేయడం లోకమంతటా ఉన్న విద్యే. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాద్‌లో ఒక జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల వనిత చేతికి అప్పగించారు. అక్కడ ఫొటో తీయించుకున్న స్త్రీ ముఖాన్ని సరిదిద్దారా లేదా అన్నది ఆమెకూ ఆమె ఇంటివారికీ సంబంధించిన సంగతి.

తేడా అక్కడే ఉంది. స్టూడియో ఫొటోలో డబ్బు ఇచ్చేదీ, కూర్చునేదీ, ఇంటికి తీసుకుపోయి గోడకు తగిలించుకునేదీ ఒకరే. ఫ్యాషన్ ఫొటోలో డబ్బిచ్చేది కంపెనీ, నిలబడేది మోడల్, చూసేది ఈ ఇద్దరితోనూ ఏ పరిచయమూ లేని లక్షల మంది. దిద్దింది ఎంతో, దిద్దనిది ఎంతో ఆ చూసేవారికి తెలిసే దారి లేదు. ఒక్కోసారి నిలబడిన మనిషికీ తెలియదు. 2003 ఫిబ్రవరిలో బ్రిటన్ జీక్యూ పత్రిక ముఖచిత్రంపై తనను సన్నగా చేసి వేసినప్పుడు నటి కేట్ విన్స్‌లెట్ తాను అలా ఉండనని, అలా ఉండాలన్న కోరికా లేదని బాహాటంగానే చెప్పారు. 1989లో అమెరికాలో టీవీ గైడ్ అనే పత్రిక టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే తలను ఆన్ మార్గరెట్ అనే నటి శరీరానికి అతికించి ముఖచిత్రంగా వేసింది. గమనించండి, అప్పటికి ఫొటోషాప్ ఇంకా అమ్మకానికే రాలేదు, అది విడుదలైంది 1990 ఫిబ్రవరిలో. కాబట్టి యంత్రాన్ని నిందించనక్కరలేదన్న మీ మాటతో మాకు పేచీ లేదు.

మీ అక్కయ్యగారి ఫొటో సంగతికి వస్తే, అది పూర్తిగా ఇంటి విషయమని మాత్రం అనలేం. పెళ్లిచూపుల ఫొటో కూడా ఒక రకంగా ప్రకటనే. దానికి రంగులు వేసిన ఆర్టిస్టు బుగ్గలకు ఏ రంగు ఎంచుకున్నాడో మీకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: అమీర్‌పేటలో కోర్సు చేసి, ఆన్‌లైన్‌లో చీరలు, కుర్తీలు అమ్మే ఒక సంస్థలో రెండేళ్లుగా రీటచింగ్ చేస్తున్నాను. రోజుకు ఎనభై ఫొటోలు పూర్తి చేయాలి. మోడల్ రంగు పెంచాలి, నడుము తగ్గించాలి అన్నది మా మేనేజర్ గారి స్థిరమైన ఆదేశం. నేను చేయనంటే ఇంకొకరు చేస్తారు. దీనిలో ఏది న్యాయం, ఏది అన్యాయం? ఎక్కడ గీత గీసుకోవాలి?
– ఒక రీటచర్, ఎస్.ఆర్. నగర్

జవాబు: మొదట మీరు అమ్ముతున్నది ఏమిటో చూద్దాం. మీరు అమ్మేది బట్ట. బ్యాక్‌గ్రౌండ్ శుభ్రం చేయడం, ఇస్త్రీ మడతలు తీయడం, వేలాడే దారపు పోగును తుడిచేయడం, జరీ మీద ఫ్లాష్ పడి తెల్లగా కాలిపోయిన చోట వివరం తిరిగి రప్పించడం, ఇవన్నీ ఆ బట్టను ఉన్నది ఉన్నట్టు చూపించడానికి చేసేవే కనుక వీటిలో సంకోచించవలసింది ఏమీ లేదు. నడుము విషయంలో మోసం మీ దాకా రాకముందే మొదలవుతుంది. షూటింగ్‌లో కుర్తీని వెనకవైపు క్లిప్పులు పెట్టి బిగిస్తారు, ముందునుంచి చూస్తే ఒంటికి అతికినట్టు కుట్టారేమో అనిపిస్తుంది. దాని మీద మీరు ఆకారాన్ని సాగదీసే లిక్విఫై టూల్‌తో నడుమును మరింత లోపలికి నెడితే, కొన్నామె చేతికి వచ్చేది ఫొటోలో ఉన్న కుర్తీ కాదు. అది వేసుకుని అద్దంలో చూసుకుని, లోపం తన ఒంట్లో ఉందని ఆమె అనుకుంటుంది. బట్టలో ఉందని చాలామందికి తట్టదు.

రంగు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో విదేశీ చట్టాలను చూసి మనం నేర్చుకోగలిగింది తక్కువ. 2017 అక్టోబర్ 1 నుంచి ఫ్రాన్స్‌లో, సాఫ్ట్‌వేర్‌తో మోడల్ ఆకృతిని సన్నగానో లావుగానో మార్చిన వాణిజ్య ప్రకటన మీద ‘మెరుగులు దిద్దిన ఫొటో’ అని ముద్రించడం తప్పనిసరి. ముద్రించకపోతే 37,500 యూరోల జరిమానా, లేదా ప్రకటన ఖర్చులో 30 శాతం దాకా. ఆ రోజు నుంచే ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ సంస్థ కూడా మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో మార్చిన వాణిజ్య ఫొటోలను తీసుకోబోమని తన ఫొటోగ్రాఫర్లకు చెప్పింది. రెండింటిలోనూ చర్మం రంగు ప్రసక్తి లేదు. జుట్టు రంగు మార్చడం, చర్మం మీది మచ్చలు తీయడం తమ నిబంధన కిందికి రావని గెట్టీ విడిగా చెప్పింది కూడా. ఆ ఏడాదే నవంబర్‌లో బ్రిటన్ గ్రాజియా పత్రిక ముఖచిత్రంలో కెన్యా మూలాలున్న నటి లుపిటా న్యోంగో ఉంగరాల జుట్టులో కొంత భాగాన్ని చెరిపేసి, మిగిలినదాన్ని నున్నగా చేశారు. తన వారసత్వాన్ని చెరిపేశారని ఆమె బాధపడితే ఫొటోగ్రాఫర్ క్షమాపణ చెప్పాడు. ఫ్రాన్సు చట్టం వర్తించే చోట జరిగినా అది నేరం అయ్యేది కాదు. వాళ్ల కొలత నడుము, మన ఊళ్లో కొలత రంగు. కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బట్టల దుకాణాల హోర్డింగులు చూడండి. కొనడానికి లోపలికి వెళ్లేవారి రంగులో ఒక్క ముఖమైనా కనిపిస్తుందా?

మన దగ్గర ఉన్న నియమాలు ఇవి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనలకు కొన్ని మార్గదర్శకాలు పెట్టింది. రంగు తక్కువ కావడం వల్ల ఉద్యోగం రాదనో పెళ్లి కాదనో అర్థం వచ్చేలా చూపకూడదని, క్రీము వాడకముందు మోడల్‌ను దిగాలుగా చూపకూడదని, ఫలితాన్ని ఎక్కువ చేసి చూపడానికి గ్రాఫిక్స్ వాడకూడదని అందులో ఉంది. అయితే అవి ఆ క్రీములకే గానీ చీరల క్యాటలాగులకు వర్తించవు. మీ సంస్థకు సూటిగా తగిలేది 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు. ప్రకటనలో చూపిన లక్షణాలు వస్తువుకు లేనప్పుడు అమ్మినవారు దాన్ని వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.

మేనేజర్ గారితో న్యాయాన్యాయాల గురించి వాదించకండి, రిటర్నుల గురించి మాట్లాడండి. మోడల్ చర్మం రంగు పెంచడానికి మొత్తం ఫొటోలో నారింజ వెలుగును పెంచితే, ఆమె కట్టుకున్న చీరలో ఆవపిండి రంగు నిమ్మపండు రంగు అవుతుంది, గద్వాల చీర అంచు మీది జరీ పాలిపోతుంది. కొన్నామె పార్శిల్ విప్పి రంగు వేరంటూ వెనక్కి పంపుతుంది. ఒక్కో చీరకు చర్మం వరకే విడదీసి (మాస్క్ చేసి) పని చేయాలంటే రోజుకు ఎనభై ఫొటోలు ఎవరి తరమూ కాదు. ఈ లెక్క ఆయనకు మీకంటే తొందరగా అర్థమవుతుంది. ప్రతి సెటప్‌లో మొదటి ఫొటోను కలర్ చెకర్ కార్డు (ప్రామాణిక రంగుల గళ్లున్న అట్ట) పట్టించి తీయమని ఫొటోగ్రాఫర్‌ను అడగండి. ఆ కార్డును బట్టి సరిచేస్తే చీర రంగు, మనిషి రంగు రెండూ తమ చోట ఉంటాయి. మీరు చేయకపోతే ఇంకొకరు చేస్తారన్న మాట నిజమే గానీ, ఆ ఇంకొకరి దగ్గరికి కూడా ఆ చీరలు తిరిగి వస్తూనే ఉంటాయి.

గీత ఎక్కడ అని అడిగారు. మొదటి ఉత్తరానికి చెప్పిన రెండు వారాల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, మనిషి వరకు అది చాలు. వస్తువు వరకు 2011లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ వేసిన ప్రశ్న ఇంకా పదునైనది. జూలియా రాబర్ట్స్, క్రిస్టీ టర్లింగ్టన్‌లతో లోరియల్ కంపెనీ ఇచ్చిన రెండు ఫౌండేషన్ ప్రకటనల్లో ఆ నునుపు క్రీము వల్ల వచ్చిందా, రీటచింగ్ వల్ల వచ్చిందా అని అడిగింది. క్రీము వల్లనే అని కంపెనీ నిరూపించలేకపోయింది కనుక రెండు ప్రకటనలనూ నిలిపేయించింది. ఫొటో సేవ్ చేసేముందు మీరూ అలాగే అడగవచ్చు: ఈ కుచ్చిళ్లు ఇలా పడడం చీర గొప్పతనమా, మీ మౌస్ గొప్పతనమా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మూడు నెలలుగా రాత్రిపూట అన్నం మానేసింది. ఫోన్‌లో మోడళ్ల ఫొటోలు చూపించి “వీళ్లకు లేనిది నాకెందుకుంది?” అని పొట్ట పట్టుకుని చూపిస్తుంది. విదేశాల్లోలా ఇలాంటి ఫొటోల మీద హెచ్చరిక ముద్రించే చట్టం మన దగ్గరా వస్తే పిల్లలు బాగుపడతారు కదా?
– ఒక తల్లి, నిజాంపేట

జవాబు: చట్టం మాట తర్వాత చూద్దాం, ముందు అమ్మాయి సంగతి. భోజనం మానేయడంతో పాటు బరువు తగ్గుతున్నా, నెలసరి తప్పుతున్నా, తిన్న వెంటనే బాత్రూములోకి వెళ్లి వాంతి చేసుకుంటోందన్న అనుమానం ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పరీక్షలయ్యాక చూద్దామని ఆగకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

హెచ్చరిక ముద్రించే చట్టాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. ఇజ్రాయెల్ 2012లో చట్టం చేసి మరుసటి ఏడాది జనవరి నుంచి అమలుచేసింది. ఫ్రాన్స్ సంగతి పైన చెప్పాం. నార్వేలో 2022 జులై 1 నుంచి శరీరం తీరును గానీ, పరిమాణాన్ని గానీ, చర్మాన్ని గానీ మార్చిన ప్రకటన ఫొటోల మీద గుర్తు ఉండి తీరాలి, సోషల్ మీడియాలో డబ్బు తీసుకుని పోస్టు పెట్టేవారికి కూడా ఇది వర్తిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరంలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో మరీకా టిగ్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం యువతులకు హెచ్చరిక ఉన్న ఫ్యాషన్ ప్రకటనలనూ, లేనివాటినీ చూపించి పరీక్షిస్తే, హెచ్చరిక ఉన్నంత మాత్రాన తమ శరీరం మీద అసంతృప్తి తగ్గలేదని తేలింది. ఫలానా చోట మార్చారని విడమర్చి చెప్పే హెచ్చరికలు కొందరి చూపును సరిగ్గా ఆ చోటికే లాగాయి. అబద్ధమని తెలిసినా కంటికి అందంగా కనిపించినది మనసులో దిగబడిపోతుంది. కాబట్టి చట్టం వస్తే కంపెనీలు కొంత జంకుతాయేమో గానీ, మీ ఇంట్లో రాత్రి అన్నం సమస్య దానివల్ల తీరదు.

మీరు చేయగలిగినది ఒకటుంది. “అవన్నీ ఫేక్, చూడకు” అని అనకండి, ఆ మాట ఆమెకు ఎప్పుడో తెలుసు. అలాంటి ఫొటోను ఆమె చేతనే తయారు చేయించండి. ఉచితంగా దొరికే ఫొటో యాప్‌లలోనే నడుము తగ్గించే మీట ఉంటుంది. మీ ఫొటో తీసి దాన్ని నొక్కమనండి. నడుముతో పాటు మీ వెనక ఉన్న తలుపు చట్రమో గ్రిల్ కమ్మీయో ఎలా వంకర పోతుందో చూడమనండి. ఆ తర్వాత తాను రోజూ చూసే పేజీల్లో వంగిన గోడల కోసం ఆమె కళ్లే వెతుకుతాయి. డాక్టరుకు బదులు ఇది కాదు, డాక్టరుతో పాటు చేయవలసినది. ఇంట్లో ఎవరు లావయ్యారు, ఎవరు చిక్కారు, ఎవరు నల్లబడ్డారు అన్న పలకరింపులు కూడా కొన్నాళ్లు మానండి. ఆ అలవాటు ఫొటోషాప్ కంటే చాలా పాతది.

ప్రశ్న: ఇప్పుడు మోడళ్లే లేకుండా ఏఐతో బొమ్మలు చేసి బట్టలు అమ్ముతున్నారు. మోడలే లేనప్పుడు ఎవరికీ అన్యాయం జరగనట్టేనా?
– డిగ్రీ విద్యార్థి, మెహిదీపట్నం

జవాబు: జరగనట్టు కాదు, ఎవరికి జరిగిందో వేలెత్తి చూపించడం కష్టమైందంతే. 2025 ఆగస్టు అమెరికా వోగ్ ఫ్యాషన్ పత్రిక సంచికలో గెస్ అనే బట్టల కంపెనీ వేసిన ప్రకటనలోని అమ్మాయి ఏఐ బొమ్మ. ఆ మాట పేజీలో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది, చాలామంది చదవలేదు. ఆ ఏడాదే హెచ్ అండ్ ఎం అనే బట్టల సంస్థ 30 మంది అసలు మోడళ్లకు వారి అనుమతితో డిజిటల్ ప్రతిరూపాలు చేయిస్తామని ప్రకటించింది. ఆ పద్ధతిలో కనీసం ఒక మనిషి పేరు, ఆమెకు ముట్టే డబ్బు, ఆమె కాదనే అవకాశం ఉన్నాయి. మొదటి పద్ధతిలో పోయేది మోడల్ ఉపాధి ఒక్కటే కాదు, మేకప్ చేసేవారు, చీర కుచ్చిళ్లు సర్దేవారు, లైట్లు మోసేవారు, పైన ఉత్తరం రాసిన రీటచర్ అందరూ ఆ బొమ్మ వెనక నుంచి తప్పుకోవలసిందే.

కొనేవారికి ఇంకో చిక్కు ఉంది. బొమ్మ కట్టుకున్న చీరను ఏ మనిషీ కట్టలేదు కనుక, ఆ కొంగు అలా జారుతుందా, ఆ బట్ట పలచనా, బరువా అన్న దానికి ఆ ఫొటోలో సాక్ష్యమే లేదు. అలాంటి పేజీలో చీర కొనాలనుకుంటే, మోడల్ లేకుండా బల్ల మీద పరిచి పగటి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి, కొంగు మడత విప్పి తీసిన చిన్న వీడియో ఒకటి పంపమని అడగండి. నిజంగా చీర దగ్గర ఉన్న దుకాణం వాట్సాప్‌లో అయిదు నిమిషాల్లో పంపిస్తుంది.